ఎండకి పికప్ స్టార్ట్ కాకపోతే సెల్ఫా, పంపా, ఇంకేదైనానా: బండి వేడిగా ఉండగానే తేల్చుకోవాలి

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. 2009 మోడల్ పికప్, పాత డీఐ ఇంజిన్ (డీజిల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే రకం). నూజివీడు పక్క తోటల నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయ తోలుతున్నారు. పొద్దున ఇంటి దగ్గర ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మార్కెట్లో బండి ఆపి, కాయ దింపించి, ఓ ఇరవై నిమిషాల తరువాత తాళం తిప్పితే మాత్రం ఎంత కొట్టినా స్టార్ట్ కాదు. బానెట్ ఎత్తి గంటో గంటన్నరో వదిలేస్తే మళ్ళీ మామూలే. చలికాలమంతా ఈ గొడవ లేదు, మార్చి చివర్లో మొదలై ఎండలు ముదిరేకొద్దీ ఎక్కువైంది. కొత్త బ్యాటరీ వేశారు, తేడా రాలేదు. ఇప్పుడు మేస్త్రీ కంప్రెషన్ పోయింది, ఇంజిన్ దించాల్సిందే అంటున్నాడు.

ఇంజిన్ దించడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. రింగులూ బోరూ అరిగి కంప్రెషన్ తగ్గిన బండి మొట్టమొదట ఏడిపించేది తెల్లవారుజామున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి, సైలెన్సర్లోంచి తెల్లపొగ వస్తుంది, స్టార్ట్ అయ్యాక కూడా కాసేపు కుంటుతుంది. అదే బండి వేడెక్కాక బాగానే అందుకుంటుంది, ఎందుకంటే లోపల లోహమంతా అప్పటికే కాలి ఉంటుంది కాబట్టి ఆ వేడి సాయం చేస్తుంది. మీ బండి దీనికి పూర్తిగా ఎదురు తిరిగి ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోందంటే కంప్రెషన్ ఉన్నట్టే లెక్క. హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసే ముందు లోపల వేడి చేసేవి) ఉన్న ఇంజిన్ అయితే వాటిని అనుమానించడం కూడా అనవసరం, అవి పోతే బాధ పొద్దునే. వేడి మీద మాత్రమే కంప్రెషన్ పడిపోయే సందర్భం ఒక్కటుంది, ట్యాపెట్లు (వాల్వుల్ని నొక్కి తెరిచే భాగాలు) మరీ టైటుగా ఉన్నప్పుడు, దాని సంగతి కింద చెబుతాను. దానికైనా ఇంజిన్ దించక్కర్లేదు, పై మూత తీస్తే చాలు.

ఈ ఇరవై నిమిషాల లెక్క ఏమిటో అర్థమైతే మిగతాదంతా తేలిక. బండి నడుస్తున్నంతసేపూ ఫ్యాన్ గాలి లాగుతుంది, రేడియేటర్ నీళ్ళు తిరుగుతుంటాయి, ట్యాంకు నుంచి వచ్చే డీజిల్, దాన్ని గట్టి ప్రెషర్‌తో సిలిండర్లలోకి పంపే పంపులోంచి పారుతూ కొంత వేడిని రిటర్న్ పైపులో వెనక్కి మోసుకుపోతుంది. తాళం తీసేసిన క్షణాన ఈ మూడూ ఆగిపోతాయి. బ్లాకులో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో నిండి ఉన్న వేడి మాత్రం ఎక్కడికీ పోదు, అది మెల్లగా పంపులోకీ సెల్ఫ్ మోటార్‌లోకీ డీజిల్ పైపుల్లోకీ ఎక్కుతుంది. అంటే బండి ఆపాక బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. మీరు టీ తాగి వచ్చేసరికి అది పీక్‌లో ఉంటుంది. పైన 43, 44 డిగ్రీల ఎండ, కింద కాలిన సిమెంటు నేల, ఇక చల్లారేదెక్కడ. అందుకే ఆపిన రెండో నిమిషంలో తాళం తిప్పితే అందుకునే బండి కూడా పావుగంటకీ అరగంటకీ మధ్య మొండికేస్తుంది, గంట దాటాక దారిలోకొస్తుంది.

దీనివల్ల వచ్చే పెద్ద చిక్కు ఏమిటంటే, బండిని షెడ్డుకి తెచ్చేసరికి జబ్బు మాయం. మేస్త్రీ తాళం తిప్పుతాడు, అందుకుంటుంది, ఇక ఆయన ఊహ మీద ఒక్కో సామాను మార్చుకుంటూ పోవాల్సిందే. మీ బ్యాటరీ అలాగే పోయింది. కాబట్టి పరీక్ష బండి మొరాయించిన చోటే, మొరాయించిన టైములోనే జరగాలి. డాష్‌బోర్డులో ఒక మల్టీమీటర్ (మూడు నాలుగు వందలు పెడితే మామూలుది దొరుకుతుంది), గట్టి క్లిప్పులున్న రెండు మీటర్ల వైరు ముక్క, రెండు పాతబట్టలు, పెద్ద బాటిల్‌తో నీళ్ళు, నాలుగు స్పానర్లు పెట్టుకోండి. తాళం తిప్పడానికి ఒక మనిషి కావాలి.

మొట్టమొదట తేల్చాల్సింది ఒకటే. వేడి మీద సెల్ఫ్ ఇంజిన్‌ని పొద్దున తిప్పినంత స్పీడుగా తిప్పుతోందా, లేక బరువుగా, ఈడుస్తూ తిప్పుతోందా? "సెల్ఫ్ కొడుతోంది" అని మాత్రమే రాశారు మీరు, అది చాలదు. రెండూ రెండు వేరే జబ్బులు, ఒకదానికి సెల్ఫ్, వైర్లు చూడాలి, రెండోదానికి డీజిల్ చూడాలి. చెవికి నమ్మకం లేకపోతే పొద్దున సెల్ఫ్ చప్పుడు ఫోన్లో రికార్డు చేయండి, మధ్యాహ్నం చప్పుడు కూడా రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. తేడా ఉంటే వెంటనే దొరుకుతుంది. చాలామంది డ్రైవర్లు ఇన్నాళ్ళూ అదే చప్పుడు వింటూ వింటూ స్పీడు తగ్గిన సంగతి పట్టించుకోరు.

స్లోగా తిప్పుతోంది అనుకుందాం. అప్పుడు బ్యాటరీ మీద నేరుగా మీటరు పెట్టండి. బండి ఆగి ఉండగా 12.6 వోల్టుల దగ్గర ఉంటే ఫుల్ చార్జిలో ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇప్పుడు మీ మనిషిని సెల్ఫ్ కొట్టమని, కొడుతున్నంతసేపూ అంకె చూడండి. 10కి పైన నిలబడితే మంచిది. 9.6 కన్నా కిందకి జారుతూ ఉంటే రెండే కారణాలు: బ్యాటరీలో సత్తువ లేదు, లేదంటే సెల్ఫ్ మోటారే ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ కరెంటు లాగేస్తోంది. మీది కొత్త బ్యాటరీ, ముందు డైనమో చార్జింగ్ ఒకసారి చూసుకోండి, ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అదీ బాగుంటే తప్పు సెల్ఫ్‌దే. లోపల బుష్‌లు అరిగితే ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే భాగం) సెంటర్ తప్పి, వేడికి వ్యాకోచించినప్పుడు పక్కనున్న పోల్ ముక్కలకి రాసుకుంటుంది. చల్లారితే రాసుకోవడం ఆగిపోతుంది. విప్పి చూస్తే ఆర్మేచర్ మీద ఒకవైపు మెరుస్తూ రాపిడి గీతలు కనిపిస్తాయి. బుష్‌లు మార్పించడం చిన్న పని, దానికోసం కొత్త సెల్ఫ్ కొనక్కర్లేదు.

దీనికి వ్యతిరేకంగా ఇంకొకటి జరగొచ్చు, దీన్ని ఎక్కువమంది పట్టుకోలేరు. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది, కానీ బ్యాటరీ మీద వోల్టులు మాత్రం 11.5 దగ్గరే ఉన్నాయి. అంటే బ్యాటరీ దగ్గర కరెంటు ఉంది, మోటార్‌కి చేరడం లేదు. మధ్యలో ఎక్కడో అడ్డం పడుతోంది. రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది, 25 డిగ్రీల దగ్గర ఉన్నదానికి 100 డిగ్రీల దగ్గర సుమారు 30 శాతం ఎక్కువవుతుంది. తీగలూ జాయింట్లూ మంచిగా ఉన్న బండికి ఈ 30 శాతం లెక్కలోకి రాదు. ఇప్పటికే తుప్పు పట్టి, వదులై, అంతంతమాత్రంగా నడుస్తున్న జాయింట్‌కి మాత్రం అదే ఆఖరి దెబ్బ.

అది ఎక్కడో ఇలా పట్టుకోవాలి. మీటరు ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ సీసపు ముద్ద మీద పెట్టండి, క్లాంపు మీద కాదు, ముద్ద మీదే. నల్ల వైరు సెల్ఫ్ మోటార్ మీద ఉన్న పెద్ద బోల్టుకి ఆనించండి. సెల్ఫ్ కొట్టించండి. మీటరు అర వోల్టు కన్నా తక్కువ చూపాలి. ఒక వోల్టు, ఒకటిన్నర చూపిస్తే ప్లస్ వైపు తీగలోనో క్లాంపులోనో అంత వోల్టేజీ వృథా అవుతోంది. తరువాత ఎర్త్ వైపు: ఒక వైరు బ్యాటరీ మైనస్ ముద్ద మీద, రెండోది సెల్ఫ్ మోటార్ బాడీ మీద, పెయింట్ లేని చోట. ఇక్కడ 0.3 దాటకూడదు. పాత పికప్‌లలో దొంగ దాదాపు ఎప్పుడూ ఇక్కడే ఉంటాడు. ఛాసిస్ నుంచి ఇంజిన్‌కో గేర్‌బాక్స్‌కో వెళ్ళే ఎర్త్ పట్టీ ఒకటుంటుంది, వర్షాకాలం బురద తిని తిని దాని పోగులు పచ్చగా పొడి పొడి అయిపోయి ఉంటాయి, పైన గ్రీజు మట్టి కప్పేసి ఉండటంతో ఎవరూ దాని వైపు చూడరు. బోల్టు విప్పి, కింద లోహం మెరిసేదాకా ఎమెరీ పేపర్‌తో రుద్ది, కొత్త పట్టీ బిగించండి. ప్లస్, మైనస్ రెండు వైపులా బాగుండి కూడా సెల్ఫ్ నీరసంగానే ఉంటే సెల్ఫ్ మీదుండే సోలనాయిడ్ (మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు, కార్బన్ బ్రష్‌లు పొట్టివైపోయి ఉండొచ్చు. అప్పుడు సెల్ఫ్ విప్పాల్సిందే.

ఇక రెండో దారి. మీరు రాసిన పద్ధతి చూస్తే నా అనుమానం దీని మీదే ఎక్కువ. సెల్ఫ్ స్పీడుగా, పొద్దున తిప్పినట్టే తిప్పుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. ఇప్పుడు మీరు బండి వెనక్కి వెళ్ళి సైలెన్సర్ చూడండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పొగ వస్తోందా? తెల్లగానో బూడిద రంగులోనో పొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లోకి వెళ్తోంది కానీ సరిగ్గా అంటుకోవడం లేదు. పొగ అసలు లేకపోతే డీజిల్ లోపలికే పోవడం లేదు. ఈ ఒక్క చూపుతో సగం పని అయిపోతుంది. దీన్ని వదిలేసి నాజిల్స్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి) విప్పేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ ఖర్చు భరించేది రోజుకింత అని కిరాయి మీద బతికే మనిషి.

పొగ లేదు అనుకోండి. ముందు ట్యాంకు మూత విప్పండి. విప్పగానే గాలి లోపలికి 'స్' అని పీల్చుకున్న చప్పుడు గట్టిగా వస్తే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. ఒరిజినల్ మూత పోయి బయట కొన్న తాళం మూత పెట్టుకున్న బండ్లలో ఇది మామూలే. చాలా దూరం నడిచాక ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి డీజిల్‌ని వెనక్కి పట్టి లాగుతుంది. మూత తీసి సెల్ఫ్ కొడితే అందుకుంటే మీ ఖర్చు ఒక మూత.

తరువాత స్టాప్ సోలనాయిడ్. చాలా రోటరీ పంపుల తల దగ్గర ఒంటి వైరుతో బొటనవేలంత సిలిండర్ లాంటిది ఉంటుంది. తాళం ఆన్ చేస్తే లోపలి పిన్ను లేచి డీజిల్‌కి దారి ఇస్తుంది, ఆఫ్ చేస్తే మూసేస్తుంది. కొన్ని బండ్లలో ఇది పంపు బయట లివర్ని లాగేలా విడిగా ఉంటుంది, ఇంకా పాతవాటిలో కేబుల్‌తో లాగి ఆపడమే. వేలు దాని మీద పెట్టి తాళం ఆన్, ఆఫ్ చేయించండి, 'టక్' మని తగలాలి. వేడి మీద తగలకపోతే, లేదా నీరసంగా తగిలితే, సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆ వైరులో వోల్టులు ఎంత వస్తున్నాయో చూడండి. తాళం స్విచ్ లోపల కాంటాక్టులు కాలిపోయి ఉంటే అక్కడికి చేరేసరికి ఏడో ఎనిమిదో వోల్టులే మిగులుతాయి, చల్లగా ఉన్న కాయిల్‌కి అది సరిపోవచ్చు, వేడెక్కి ఉన్న కాయిల్‌కి సరిపోదు. మీ దగ్గరున్న వైరు ముక్కతో బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా సోలనాయిడ్‌కి ఇవ్వండి. వెంటనే అందుకుంటే పంపు తప్పు లేదు, తాళం స్విచ్ నుంచి వచ్చే కరెంటుదే తప్పు. ఒక జాగ్రత్త, ఆ వైరు ఉన్నంతసేపూ తాళం తీసినా ఇంజిన్ ఆగదు, ఆపాలంటే వైరు లాగేయాలి, ముందే తెలిసుండటం మంచిది.

గాలి పట్టిందేమో అని మీ క్లీనర్ అన్నాడని రాశారు. ఫిల్టర్ మీదున్న చేతిపంపు నొక్కండి. నాలుగైదు నొక్కులకే గట్టిపడితే పంపు దాకా డీజిల్ ఉన్నట్టు. ఎంత నొక్కినా మెత్తగా పోతుంటే గాలి ఉంది, లేదా డీజిల్ రావడం లేదు. ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్ళే చోట ఒక అడుగు పారదర్శకమైన డీజిల్ పైపు వేసి చూస్తే బుడగలు కళ్ళకే కనిపిస్తాయి. కానీ గాలి పట్టే బండి ఎక్కువగా రాత్రంతా ఆగి ఉన్నాక మొరాయిస్తుంది, ఆగినంతసేపూ డీజిల్ మెల్లగా ట్యాంకు వైపు జారి పైపు ఖాళీ అవుతుంది కాబట్టి. రాత్రంతా ఆగి పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకునే బండిలో గాలి లీకు ప్రధాన జబ్బు కావడం అరుదు. ఫిల్టర్ మూసుకుపోయినా అంతే, అది ముందు ఎత్తు ఎక్కేటప్పుడు లోడు లాగకపోవడంలో కనిపిస్తుంది.

ఇవన్నీ బాగున్నాయి, పొగ లేదు, సెల్ఫ్ స్పీడుగానే ఉంది. అప్పుడిక పంపు. ముందు మీది ఏ పంపో చూసుకోండి. నాలుగు ఉక్కు పైపులూ ఒకే వరుసలో నిలబడి ఉంటే ఇన్‌లైన్ పంపు. గుండ్రటి తల చుట్టూ వలయంగా బయటికి వస్తుంటే రోటరీ పంపు. ఇన్‌లైన్‌లో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఎలిమెంట్ ఉంటుంది, రోటరీలో నాలుగు సిలిండర్లకీ పని చేసేది ఒక్క తలే. ఆ తల లోపల తిరిగే ముక్కకీ బయటి గోడకీ మధ్య ఉండే సందు కంటికి కనపడనంత చిన్నది, మైక్రాన్లలో ఉంటుంది. దానికి వేరే సీలు ఉండదు, ఆయిల్ ఉండదు, ఆ డీజిలే సీలు, ఆ డీజిలే ఆయిల్. కొన్నేళ్ళకి, ముఖ్యంగా నీళ్ళు కలిసిన డీజిలో కిరోసిన్ కలిపిన డీజిలో పోస్తే ఇంకా త్వరగా, ఆ సందు అరుగుతుంది.

చల్లటి డీజిల్ కొంచెం చిక్కగా ఉంటుంది కాబట్టి అరిగిన సందులోంచి కూడా తక్కువే కారుతుంది, నాజిల్ తెరుచుకోవడానికి కావలసిన ప్రెషర్ వచ్చేస్తుంది. డీఐ ఇంజిన్లలో అది సుమారు 200 బార్ (మామూలు గాలి ప్రెషర్‌కి రెండు వందల రెట్లు) దాకా ఉంటుంది. డీజిల్ వేడెక్కితే, పొయ్యి మీద నూనె కాగాక పల్చబడ్డట్టే, పల్చనై ఆ సందులోంచి వెనక్కి కారిపోతుంది. పైగా సెల్ఫ్ తిప్పేటప్పుడు ఇంజిన్ నిమిషానికి రెండు వందల చుట్లు తిరిగితే గొప్ప, పంపు తిరిగేది అందులో సగం. అంత నెమ్మదిగా నొక్కుతుంటే నొక్కిన డీజిల్‌కి కారిపోవడానికి బోలెడు టైము దొరుకుతుంది. ప్రెషర్ 200 దాకా రాదు, నాజిల్ తెరుచుకోదు, పొగ రాదు. ఒక్కసారి ఇంజిన్ అందుకుంటే మాత్రం స్పీడు మీద కారే టైము ఉండదు, అందుకే రోడ్డు మీద బండి ఏ లోపమూ లేనట్టే పరిగెడుతుంది. ఇదీ మీ లక్షణం.

తేల్చుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. బండి మొరాయించగానే సెల్ఫ్ కొట్టడం ఆపేయండి. రెండు బట్టలు తడిపి, కొద్దిగా పిండి, పంపు తల మీద, పైపులు బయటికి వచ్చే చోట చుట్టినట్టు కప్పండి. బట్ట వేడెక్కితే మళ్ళీ తడిపి మార్చండి. పది నిమిషాలు ఇలా చేసి తాళం తిప్పండి. అందుకుంటే, మర్నాడు కూడా ఇదే వరస మళ్ళీ చేసి చూడండి, రెండోసారి కూడా అందుకుంటే పంపు తల అరిగిందని గట్టిగా నమ్మొచ్చు. ఒకటి రెండు విషయాలు మాత్రం పాటించాలి. బాటిల్ ఎత్తి చల్లనీళ్ళు పంపు మీద గుమ్మరించవద్దు, ముఖ్యంగా సెల్ఫ్ కొడుతూ అసలు పోయొద్దు. బయటి గోడ ఒక్కసారిగా చల్లబడి బిగుసుకుంటే లోపల తిరిగే ముక్కని పట్టేస్తుంది, అప్పటిదాకా రిపేరుతో పోయే పంపు ఇక పనికిరాకుండా పోతుంది. తడిబట్ట సెల్ఫ్ మీద, సోలనాయిడ్ వైరు మీద పడకుండా చూసుకోండి, లేకపోతే ఏది చల్లబడి పనిచేసిందో తెలియదు, పరీక్ష దండగ. సోలనాయిడ్ కూడా తల దగ్గరే ఉంటుంది కాబట్టి పైన చెప్పిన డైరెక్ట్ వైరు పరీక్ష ముందు చేశాకే తడిబట్టకి రండి.

తోస్తే వెంటనే స్టార్ట్ అవుతోంది కాబట్టి ఇది బ్యాటరీదే అని మొదటి మేస్త్రీ అన్నట్టు రాశారు. ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. తోసి రెండో గేరులో క్లచ్ వదిలితే ఇంజిన్ సెల్ఫ్ తిప్పినదానికన్నా చాలా స్పీడుగా తిరుగుతుంది. సెల్ఫ్ నీరసంగా ఉన్న బండీ అందుకుంటుంది, పంపు అరిగిన బండీ అందుకుంటుంది, ఎందుకంటే ఆ స్పీడుకి కారిపోయే టైము లేక ప్రెషర్ వచ్చేస్తుంది. తోస్తే స్టార్ట్ కావడం రెండిట్లో ఏదో చెప్పదు. సెల్ఫ్ స్పీడు సరిగ్గా ఉందని మీటరుతో, చెవితో తేల్చుకున్నాక కూడా తోస్తేనే అందుకుంటోందంటే అప్పుడది పంపు వైపు చూపిస్తుంది.

పంపు విప్పాల్సి వస్తే ఆటోనగర్‌లో డీజిల్ పంపు పని ఒక్కటే చేసే షాపుకి ఇవ్వండి, అన్ని పనులూ చేసే షెడ్డుకి కాదు. విప్పే ముందు పంపు ఫ్లాంజికీ ఇంజిన్ ప్లేటుకీ కలిపి సన్నటి ఉలితో ఒక గీత కొట్టించండి, పాత గీత ఉంటే దాన్ని తుడిచి కనిపించేలా చేయండి. తిరిగి బిగించేటప్పుడు ఆ గీత కలవకపోతే టైమింగ్ మారి కొత్త గొడవ మొదలవుతుంది. షాపులో బెంచి మీద టెస్ట్ ఆయిల్ సుమారు 40 డిగ్రీల దగ్గర పెట్టి తిప్పుతారు. మీ బానెట్ కింద పంపు దానికన్నా చాలా వేడిగా ఉంటుంది. అందుకే ఎక్కువ స్పీడు మీద రీడింగ్ బాగుంది, పంపు ఓకే అని తిరిగి ఇచ్చేస్తే ఒప్పుకోకండి. సెల్ఫ్ స్పీడులో, అంటే పంపు వంద చుట్ల దగ్గర, డెలివరీ ఎంత వస్తోందో చూపించమని అడగండి. వేడి మీద స్టార్ట్ కావడం లేదు, తడిబట్ట వేస్తే అవుతోంది అని చెప్పండి, పని తెలిసిన మనిషికి ఆ ఒక్క మాట చాలు, నేరుగా హెడ్, రోటర్ (అదే తల, దాని లోపల తిరిగే ముక్క) చూస్తాడు. సీల్ కిట్ వేసి, క్యాలిబ్రేషన్ చేసి డబ్బు తీసుకుంటే సందు అరుగుదల పోదు. తల మార్చాలి. తల ఖరీదు సీల్ కిట్ కన్నా చాలా ఎక్కువ, కానీ సీల్ కిట్‌కి పెట్టింది అప్పుడు దండగే. అరిగిన తలతో లాగించడానికి డీజిల్లో ఇంజిన్ ఆయిల్ కలపమని కొందరు చెబుతారు, డీజిల్ కాస్త చిక్కబడి కొన్నాళ్ళు స్టార్ట్ అవుతుంది కూడా, అరుగుదల మాత్రం ఆగదు, నాజిల్స్ మీద మసి చేరుతుంది.

పొగ వస్తూ కూడా అందుకోకపోతే కథ వేరు. నాజిల్స్ విప్పించి టెస్ట్ పంపు మీద పెట్టి స్ప్రే చూపించమనండి, మంచులా విడిపోవాలి, ధారలా కారకూడదు. ట్యాపెట్ గ్యాపు కూడా అప్పుడే కొలిపించండి. గ్యాపు లేకుండా బిగిసి ఉంటే వేడికి వాల్వు కాడ సాగి, వాల్వు పూర్తిగా మూసుకోదు, ఆ సిలిండర్లో కంప్రెషన్ వేడి మీద మాత్రమే పడిపోతుంది. కంపెనీ ఇచ్చిన గ్యాపు ఎంతో మాన్యువల్లో చూసే సెట్ చేయించండి, అది చల్లటి ఇంజిన్ మీదా వేడి ఇంజిన్ మీదా అన్నది కూడా చూడాలి.

మీలాంటి ఇబ్బందే ఉన్న సీఆర్‌డీఐ (కామన్ రైల్, కంప్యూటర్‌తో నడిచే కొత్త రకం డీజిల్ ఇంజిన్) బండ్లవాళ్ళు పైన చెప్పిన తడిబట్ట పరీక్ష మీద ఆధారపడకండి. కామన్ రైల్ బండిలో వేడి మీద స్టార్ట్ కాకపోతే ఎక్కువగా ఇంజెక్టర్లు రిటర్న్‌లోకి డీజిల్ వదిలేయడం, హై ప్రెషర్ పంపు మీద ఉండి డీజిల్‌ని కొలిచి వదిలే మీటరింగ్ వాల్వు మొరాయించడం, లేదా ఇంజిన్ చుట్లు లెక్కపెట్టే క్రాంక్ సెన్సర్ వేడికి సిగ్నల్ ఇవ్వకపోవడం. స్కానర్ పెట్టి సెల్ఫ్ కొడుతున్నప్పుడు రైల్ ప్రెషర్ ఎంత వస్తోందో, ఇంజిన్ చుట్ల అంకె కనిపిస్తోందో లేదో చూస్తే తెలుస్తుంది. చుట్లు సున్నా చూపిస్తే ముందు సెన్సర్. ఆ బండ్లలో పైపు నట్టు వదులు చేసి డీజిల్ వస్తోందా అని చూడటం మాత్రం ఎవరూ చేయకండి, లోపల ప్రెషర్ వెయ్యి బార్ దాటి ఉండే వ్యవస్థ అది. మీ పాత డీఐలో నట్టు కొద్దిగా వదులు చేసి చూడటం మేస్త్రీలు చేస్తారు, అక్కడ కూడా చెయ్యి, ముఖం దూరంగా ఉంచాలి. ఆ ధార చర్మంలోంచి దూరిపోతుంది, బయటికి చిన్న చుక్కలా కనిపిస్తుంది, లోపల చాలా నష్టం చేస్తుంది. అలా తగిలితే కడుక్కుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పని అయ్యేదాకా సీజన్ ఆపుకోలేరని తెలుసు. మార్కెట్లో దింపుడు పావుగంటలో అయిపోతుందంటే ఇంజిన్ ఆపకుండా ఉంచుకోండి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మనిషిని దగ్గర పెట్టి. ఆపాల్సి వస్తే ఆపగానే బానెట్ ఎత్తేయండి, నీడ లేకపోతే కనీసం గాలి వచ్చే వైపు ముఖం తిప్పి పెట్టండి. ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి, తక్కువ డీజిల్ ఉంటే రిటర్న్‌లో వచ్చే వేడికి అదంతా త్వరగా వేడెక్కిపోయి పంపుకి వేడి డీజిలే వెళ్తుంది. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు మించి కొట్టొద్దు, మధ్యలో నిమిషం ఆగండి, లేకపోతే పంపు జబ్బుకి తోడు సెల్ఫ్ కూడా కాలుతుంది. ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోల్ బట్ట పెట్టి స్టార్ట్ చేయించేవాళ్ళని బండి దగ్గరికి రానివ్వకండి, అది టైముకి ముందే పేలి పిస్టన్లు, రింగులు పగలగొడుతుంది, మంట బయటికి తన్నితే మనుషులకే ప్రమాదం.

వచ్చే ట్రిప్పులో ఎలాగూ మొరాయిస్తుంది కాబట్టి సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మీద వోల్టులు, పొగ వచ్చిందా లేదా, సోలనాయిడ్‌కి డైరెక్ట్ ఇస్తే ఏమైంది, తడిబట్ట తరువాత ఏమైంది అన్నవి రాసి పెట్టండి. పంపు ఫోటో ఒకటి, పైపులు కనిపించేలా. అవి చూశాక తల మార్చాలా, సెల్ఫ్ విప్పాలా అన్నది చెబుతాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.